గుమ్మం దగ్గర రెండు గదుల నేల మట్టం కలవకపోతే: పట్టీ, గడప, వాలు, మట్టం పెంపు, వీటిలో ఏది ఎప్పుడు

ఒక గదిలో పాత గచ్చు మీదే కొత్త టైల్స్ పరిచి పక్క గదిని అలాగే వదిలేసినప్పుడు, లేదా ఒకవైపు చెక్క నేల, మరోవైపు రాతి పలకలు ఉన్నప్పుడు, ఆ రెండూ కలిసే గుమ్మం దగ్గర ఒక చిన్న మెట్టు మిగిలిపోతుంది. అది 5 మి.మీ. కావచ్చు, 25 మి.మీ. కూడా కావచ్చు. దాన్ని కప్పే పట్టీలు ఎన్నో రకాలుగా దొరుకుతాయి కనుక చాలామంది ముందు పట్టీని కొని, ఆ తరువాత అది తమ గుమ్మానికి అమరుతుందా అని చూస్తారు. ఈ వరుస తిరగబడాలని నా అభిప్రాయం. ముందుగా తేలవలసింది దూరం: ఉన్న ఎత్తు తేడాను ఎంత పొడవు మీద పరచడానికి మనకు వీలుంది అన్నది. 12 మి.మీ. తేడా 24 మి.మీ. పొడవులో దిగిపోతే అది కాలికి తెలిసే అంచు. అదే తేడా 150 మి.మీ. మీద దిగితే చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా ఎక్కే వాలు. రెండు వరుసల పెద్ద టైల్స్ మీద, అంటే 1,200 మి.మీ. పొడవున దిగితే అక్కడ తేడా ఉన్నదని నడిచేవారికి తెలియనే తెలియదు. కింద చెప్పబోయే పద్ధతులన్నీ ఈ దూరాన్ని సంపాదించే వేర్వేరు మార్గాలే.

చిన్న తేడాను చిన్నదని వదిలేయకూడదు. నడకలో ముందుకు కదిలే పాదం వేలికొస నేలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే క్షణంలో, ఆ రెంటి మధ్య సుమారు 10 నుంచి 20 మి.మీ. ఎడం మాత్రమే ఉంటుంది. కాళ్లు ఈడుస్తూ నడిచే పెద్దవయసు వారిలో అది ఇంకా తక్కువ. పూర్తి మెట్టును కన్ను పసిగడుతుంది, కాలు తనంతట తానే లేస్తుంది; 8 మి.మీ. అంచును కన్ను పట్టించుకోదు, వేలు మాత్రం వెళ్లి తగులుతుంది.

ఎంత తేడాను ఎలా సరిచేయాలో చెప్పే అంకెలు కావాలంటే, అమెరికాలో వికలాంగుల సౌలభ్యం కోసం 2010లో వెలువడిన భవన ప్రమాణాలు మంచి కొలబద్ద. వాటి ప్రకారం పావు అంగుళం వరకు, అంటే సుమారు 6 మి.మీ. వరకు, తేడా నిటారుగా ఉండవచ్చు. అక్కడి నుంచి అర అంగుళం వరకు, అంటే సుమారు 13 మి.మీ. వరకు ఉంటే అంచును వాలుగా చెక్కాలి, ఆ వాలు 1:2 కన్నా, అంటే 1 వంతు ఎత్తుకు 2 వంతుల పొడవు కన్నా, నిటారుగా ఉండకూడదు. అర అంగుళం దాటితే దాన్ని ర్యాంపుగానే చూడాలి, 1:12 కన్నా నిటారు పనికిరాదు. ఇవి ప్రజలు వచ్చిపోయే భవనాల కోసం రాసినవి. ఇంటి లోపలి గుమ్మానికి వీటిని కనీస హద్దులుగా తీసుకుని, వీలైనచోట ఇంకా మెత్తని వాలు ఇవ్వడం మంచిది. ముఖ్యంగా 1:2 అన్నది అనుమతించదగిన హద్దే కానీ, చెప్పులు లేకుండా తిరిగే ఇంట్లో హాయినిచ్చే వాలు కాదు. నడిచేవారు మాత్రమే ఉన్నచోట 1:4 లేదా 1:5, చక్రాలు దాటవలసిన చోట 1:12 అని గుర్తుంచుకుంటే చాలావరకు లెక్క కుదురుతుంది.

కొలత

వంకర లేని అల్యూమినియం బద్దను ఎత్తుగా ఉన్న నేల మీద సగానికి పైగా ఆనించి, మిగిలిన భాగాన్ని పల్లపు గదిలోకి చాచి, బద్ద అడుగుకూ కింది నేలకూ మధ్య ఎడాన్ని కొలవాలి. ఈ కొలతను గుమ్మం ఎడమ అంచున, మధ్యలో, కుడి అంచున విడివిడిగా తీసుకోవాలి. మూడూ ఒకే అంకె చూపించడం అరుదు. నేనొకసారి మధ్యలో మాత్రమే కొలిచి లోహపు పట్టీ తెచ్చాను. ఎడమ కొసన తేడా మరో 4 మి.మీ. ఎక్కువ ఉందని పట్టీ బిగించాకే తెలిసింది. అటు అడుగు వేసినప్పుడల్లా టక్కుమనే ఆ పట్టీని చివరికి విప్పి, గడప చెక్కించుకోవలసి వచ్చింది.

తరువాత బద్దను కదపకుండా పల్లపు గదిలోకి 300, 600, 1,000 మి.మీ. దూరాల్లోనూ ఎడాన్ని కొలవాలి. బద్ద పొట్టిదైతే రసమట్టం పెట్టిన పొడవైన బద్ద వాడవచ్చు. అన్నిచోట్లా ఎడం ఒకటే అయితే రెండు నేలలూ చదునుగానే ఉండి వాటి మధ్య నిక్కమైన మెట్టు ఉన్నదని అర్థం. దూరం పోయేకొద్దీ ఎడం తగ్గుతుంటే, గుమ్మం దగ్గరే నేల కుంగి ఉంది. అటువంటప్పుడు ఆ కుంగిన చోటును నింపితే తేడాలో కొంత భాగం దానంతట అదే మాయమవుతుంది, పట్టీ కూడా చిన్నది సరిపోతుంది. దూరం పోయేకొద్దీ ఎడం పెరుగుతుంటే పల్లపు గది అంతా అవతలికి వాటంగా ఉందన్నమాట. అక్కడ గుమ్మం దగ్గరి మెట్టును మాత్రమే లెక్కలోకి తీసుకుని, మిగిలిన వాలును దాని మానాన వదిలేయడమే మేలు.

కొలిచిన తేడా పూర్తయిన నేలల మధ్య తేడా అయి ఉండాలి. ఒక గదిలో ఇంకా పైపొర వేయవలసి ఉంటే దాని మందాన్ని కలుపుకోవాలి. గచ్చు టైలు సాధారణంగా 8 నుంచి 10 మి.మీ., దాని కింది అంటుపొర మరో 3 నుంచి 6 మి.మీ. ఉంటుంది. లామినేట్ పలక 8 నుంచి 12 మి.మీ., కింది నురగ పొర 2 లేదా 3 మి.మీ. అతికించే వినైల్ షీటు 2 లేదా 3 మి.మీ. దాటదు. చెక్క పలకలు 14 నుంచి 20 మి.మీ. వరకు, రాతి పలకలు చాలావరకు 18 నుంచి 20 మి.మీ. ఉంటాయి. కార్పెట్ విషయంలో అది అడుగు పడ్డాక నొక్కుకుపోయిన ఎత్తునే లెక్కించాలి.

ఇక తలుపు. ఇది చాలామంది మరచిపోయే కొలత. తలుపు రెక్క ఎటు తెరుచుకుంటుందో, దాని అడుగుకూ నేలకూ మధ్య ఎంత ఎడం ఉందో చూడాలి. రెక్క ఎత్తుగా ఉన్న గదిలోకి తెరుచుకుంటే బెంగ లేదు. వాలు పల్లపు గదిలో పడుతుంది కనుక రెక్కకు అడ్డం రాదు. రెక్క పల్లపు గదిలోకి తెరుచుకుంటే మాత్రం, అది తిరిగే మేర అంతటా మనం లేపే వాలు దానికి తగలవచ్చు. చెక్క రెక్కను వడ్రంగి చేత కింద కోయించవచ్చు. లోపల బోలుగా ఉండే రెక్కల్లో అడుగు పట్టీ సన్నగా ఉంటుంది కనుక కొద్దిపాటి కోతకే వీలుంటుంది. అగ్నిని ఆపడానికి పెట్టిన తలుపులను కోయకూడదు. వాటి కింది ఎడానికి హద్దులు ఉంటాయి.

చెరపకూడని తేడా

కొన్ని గుమ్మాల దగ్గర తేడా పొరపాటున వచ్చింది కాదు, కావాలని ఉంచింది. స్నానాల గది నేలను పక్క గది కన్నా తగ్గించి కట్టేది నీళ్లు బయటికి రాకుండా ఉండటానికే. నీటిదారి మూసుకుపోయిన రోజున పక్క గదిలోని చెక్కనూ కార్పెట్‌నూ కాపాడేది ఆ కొద్ది మిల్లీమీటర్లే. దాన్ని చదును చేయాలని లోపలివైపు నింపితే నీటిదారి వైపు ఉన్న వాటం కూడా దెబ్బతింటుంది. అక్కడ చేయదగిన పని ఒకటే: తడి వైపు అంచును అలాగే నిలిపి, గుమ్మంలో రాతి గడప వేసి, దాని పొడి వైపు అంచును వాలుగా చెక్కించడం. చక్రాల కుర్చీ తప్పక లోపలికి పోవలసి ఉంటే స్నానాల గది నేల మొత్తాన్ని, నీరు ఇంకని పొరతో సహా, కొత్తగా వాటం కట్టి వేయాలి. అది గుమ్మం పని పరిధిలోనిది కాదు. వాన జల్లు కొట్టే బాల్కనీ తలుపు, వీధి తలుపు గడపలకూ ఇదే వర్తిస్తుంది.

3 మి.మీ. లోపు

ఈ మేరకు తేడా ఉంటే ఆలోచించవలసింది పెద్దగా లేదు. రెండు నేలల మధ్య సందులో కాలు దిగే ఇంగ్లీషు 'టి' ఆకారపు పట్టీ గానీ, రెండు అంచులనూ కప్పే సన్నని చదును పట్టీ గానీ సరిపోతుంది. రెండువైపులా గట్టి నేలలే అయి, సందు నేరుగా ఉంటే, సాగే గుణమున్న సీలెంట్‌తో సందును నింపి వదిలేసినా తప్పులేదు. చూపుకు అదే అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది.

రెడ్యూసర్ పట్టీ

4 నుంచి సుమారు 12 మి.మీ. వరకు ఉన్న తేడాకు ఎక్కువమంది ఎంచుకునేది ఒకవైపు ఎత్తుగా, రెండోవైపు సన్నగా దిగే పట్టీని. దుకాణాల్లో దీన్ని రెడ్యూసర్ అంటారు. దీని బలం పని త్వరగా పూర్తికావడం, బలహీనత వెడల్పు చాలకపోవడం. సాధారణంగా దొరికే పట్టీలు 40 నుంచి 50 మి.మీ. వెడల్పు ఉంటాయి కనుక 10 మి.మీ. తేడాకు 1:4 లేదా 1:5 వాలు వస్తుంది, అది నడకకు బాగుంటుంది. అదే పట్టీని 18 మి.మీ. తేడాకు సాగదీస్తే వాలు 1:2 దాకా పోతుంది. పెట్టె మీద ఎంత ఎత్తు వరకు పనికివస్తుందని రాసినా, ఆ వాలు మీద మడమ జారుతుంది, చక్రం ఆగుతుంది. అందువల్ల పట్టీ కొనేటప్పుడు దాని గరిష్ఠ ఎత్తు కన్నా, మన తేడాకు దాని వెడల్పు ఎన్ని రెట్లు ఉందో చూడాలి. నాలుగు రెట్లకు తగ్గితే వేరే దారి వెతుక్కోవడం మంచిది.

ఇందులోనే రెండు ముక్కల రకం ఒకటి ఉంది. కింది పట్టాను నేలకు బిగించి, పై మూతను దానిలోకి నొక్కుతారు లేదా మరలతో దించుతారు. పై మూత కొంత వంగి ఎత్తుకు తగ్గట్టు సర్దుకుంటుంది. గుమ్మం రెండు కొసల్లో తేడా వేర్వేరుగా ఉన్నప్పుడు ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మరలతో దిగే రకం మీద నాకు నమ్మకం ఉంది. నొక్కితే పట్టుకునే రకం మాత్రం ఎక్కువ రాకపోకలున్న గుమ్మానికి సరిపడదు. పట్టు కొంతకాలానికి వదులై మూత లేచిపోతుంది.

లోహాల్లో రంగు పట్టించిన అల్యూమినియం తేలికగా కోయవచ్చు, గీతలు కూడా అంతే తేలికగా పడతాయి. ఇత్తడి అరుగుదలకు నిలుస్తుంది, అయితే మెరుగు పెట్టకపోతే నల్లబడుతుంది. ఆ నలుపును ఇష్టపడేవారూ ఉన్నారు. తడి తగిలేచోట స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. ప్లాస్టిక్ పట్టీ అరుదుగా వాడే గదికి తప్ప వద్దు. ఎండ పడితే వంకరపోతుంది, అంచు పైకి లేస్తుంది, అప్పుడు మనం తీసేయబోయిన మెట్టు కన్నా అదే ఎక్కువ కాలికి తగులుతుంది.

లామినేట్ వంటి తేలే నేల ఒకవైపు ఉంటే పట్టీతో పాటు మరో సంగతి చూడాలి. ఆ పలకలను కిందికి అంటించరు, ఒకదానికొకటి కొక్కెం వేసి పరుస్తారు. గాలిలో తేమను బట్టి నేల మొత్తం ఒక్క పలకలా వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. అందుకే అంచుల్లో 8 నుంచి 10 మి.మీ. సందు వదులుతారు. ఆ సందు గుమ్మం దగ్గరా ఉండాలి. పట్టీ మరలు ఆ సందులోంచి దిగి కింది గచ్చును మాత్రమే పట్టుకోవాలి. పలకలోంచి మర దించినా, పలకకు పట్టీని అంటించినా, నేల అక్కడ కట్టుబడిపోయి గది మధ్యలో ఉబ్బుతుంది లేదా కీళ్లు విడిపోతాయి. తప్పు గుమ్మం దగ్గర జరిగి, ఫలితం గది మధ్యలో కనబడటం వల్ల దీన్ని కనిపెట్టడం కూడా కష్టమే.

చెక్కిన గడప: చెక్క లేదా రాయి

కొలతల్లో ఎగుడుదిగుళ్లు ఉన్న పాత గుమ్మాలకు నేను మొదట తలచుకునేది చెక్క గడపనే. కారణం సులువు: వడ్రంగి దాన్ని ఎడమవైపు 8 మి.మీ.కీ, కుడివైపు 12 మి.మీ.కీ చిత్రిక పట్టి సరిపెట్టగలడు. అచ్చులో పోసి వచ్చే ఏ పట్టీకీ ఆ వెసులుబాటు లేదు. పైగా వెడల్పు మన చేతిలో ఉంటుంది. గోడ మందం మేరకు, అంటే ద్వారబంధం లోపలి భాగమంతా గడపే పరచుకోనిస్తే 100 నుంచి 200 మి.మీ. పొడవు దొరుకుతుంది, 15 మి.మీ. తేడా కూడా 1:10 వాలుగా మారిపోతుంది. గట్టి జాతి చెక్కను వాడి, కింది అంచును కత్తి వాదరలా పలచబరచకుండా 2 లేదా 3 మి.మీ. మందం ఉంచాలి, అంతకన్నా పలచనైతే అంచు పేళ్లు లేస్తుంది. అడుగు భాగానికీ కొసలకీ కూడా పాలిష్ పట్టించాలి. పైకి మాత్రమే పాలిష్ పట్టిస్తే చెక్క కింది నుంచి తేమ పీల్చుకుని దొప్పలా వంగుతుంది.

రాతి గడప తడికి భయపడదు, తరాల పాటు అరగదు. 18 నుంచి 20 మి.మీ. మందపు పలకను ఎత్తైన నేలతో సమంగా కూర్చోబెట్టి, పల్లపు వైపు అంచును వాలుగా కోయిస్తే 10 నుంచి 18 మి.మీ. తేడా వరకు పని జరుగుతుంది. గ్రానైట్ అంచు పాలరాయి అంచు కన్నా దెబ్బలకు బాగా తట్టుకుంటుంది. అయితే రాతి కోత ఒకసారి అయ్యాక మళ్లీ సర్దుబాటు లేదు, కాబట్టి కొలత తప్పకూడదు; వాలు భాగాన్ని అద్దంలా మెరిపించకుండా గరుకుగా వదలమని ముందే చెప్పాలి, లేకపోతే తడి కాలు జారుతుంది. గడప కింద ఖాళీ లేకుండా అంటు పూర్తిగా పరచాలి. సగం ఆనిన రాయి ఏదో ఒక రోజు మధ్యలో చిట్లుతుంది.

నేల కిందే వాలు కట్టడం

పైపొర ఇంకా వేయని గది ఉన్నవారికి, లేదా గుమ్మం దగ్గరి ఒకటి రెండు వరుసలు తీసి మళ్లీ వేయడానికి సిద్ధపడేవారికి, అన్నిటికన్నా మంచి ఫలితం ఇచ్చేది ఇదే. పట్టీ కనబడదు, మెట్టు కనబడదు. పరచిన నేలే మెల్లగా లేచి పక్క నేలను కలుసుకుంటుంది.

టైల్స్ విషయంలో లెక్క ఇలా ఉంటుంది. 600 మి.మీ. టైల్స్ రెండు వరుసల్లో 12 మి.మీ. లేపితే వాలు 1:100. స్నానాల గదిలో నీరు పోవడానికి పెట్టే వాటం కూడా సుమారుగా అంతే. దాని మీద రోజూ నిలబడుతున్నా మనకు అది వాలుగా తోచదు. సిమెంటు మాలు పరుపు మీద వేస్తున్నప్పుడు తాపీ మేస్త్రికి ఇది పెద్ద పని కాదు, పరుపునే వాలుగా తీస్తాడు. అంటుతో వేస్తున్నప్పుడు, మామూలు అంటును మందంగా వేసి ఎత్తు తేవాలని చూడకూడదు. ఎండేటప్పుడు అది ముడుచుకుని టైలును ఒకవైపు లాగుతుంది. మందపు పొరకు తయారైన అంటునైనా వాడాలి, లేదా ముందుగా వాలు కట్టి ఆరాక దాని మీద మామూలు పొరతో అంటించాలి.

ఇందులో చిక్కు గుమ్మానికి ఇరువైపులా వస్తుంది. గుమ్మం ముందున్న టైల్స్ మాత్రమే లేచి, అదే వరుసలో గోడవారన ఉన్నవి చదునుగా ఉంటే వాటి మధ్య కొత్త అంచు పుడుతుంది. పెద్ద టైలు మెలి తిరగదు కదా. కనుక ఆ గోడ పొడవునా వరుస మొత్తాన్నీ లేపవలసి ఉంటుంది. అప్పుడు ఆ గోడకు ఆనించే అల్మారా ముందుకు వాలుతుంది: 1:100 వాలు మీద 2 మీటర్ల ఎత్తు అల్మారా పైభాగం 20 మి.మీ. ముందుకు వస్తుంది. దాని ముందు కాళ్ల కింద బిళ్లలు పెట్టి సరిచేయవచ్చు, కాని ఆ సంగతి పరచక ముందే తెలిసి ఉండాలి. చిన్న టైల్స్, మొజాయిక్ ముక్కలు అయితే ఈ బాధ లేదు, గుమ్మం ముందు విసనకర్ర ఆకారంలో అన్ని వైపులకూ వాలు దించవచ్చు.

వినైల్ షీటు, కార్పెట్ కింద వాలు కట్టడం ఇంకా తేలిక. సున్నా మందం దాకా తాపీతో లాగడానికి వీలైన, పాలిమర్ కలిసిన మరమ్మతు పొడి దొరుకుతుంది. గచ్చును దుమ్ము, నూనె, రంగు లేకుండా శుభ్రం చేసి, ప్రైమర్ పట్టించి, 12 మి.మీ. తేడాను 600 నుంచి 900 మి.మీ. దూరం మీద రెండు మూడు పొరల్లో దించాలి. ఈ పనికి మామూలు ఇసుక సిమెంటును వాడితే పల్లపు అంచు నిలవదు. పలచని పొరలోని నీరు సిమెంటు గట్టిపడక ముందే ఆరిపోతుంది, పైగా ఇసుక రేణువే పొర మందం కన్నా పెద్దదవుతుంది; కొన్ని నెలల్లో ఆ అంచు పొడిపొడిగా రాలి షీటు కింద గులకలా తగులుతుంది. దానంతట అదే చదునయ్యే జారు పొడిని కూడా వాలు కోసం కొనకూడదు. నీళ్లలా పారి మట్టం పట్టడం దాని గుణం; వాలును అది నిలబెట్టదు.

లామినేట్‌ను వాలు మీద పరచడం నేను సిఫారసు చేయను. వాలు మొదలయ్యే, ముగిసే చోట్ల పలక కింద ఖాళీ ఏర్పడి, అడుగు పడినప్పుడల్లా కొక్కెం ఊగి ఊగి విరుగుతుంది. దానికి రెడ్యూసరే తగినది.

గది మొత్తాన్ని పెంచడం, ఎత్తును తగ్గించడం

తేడా 20 మి.మీ. దాటి, పల్లపు గదిలో ఎలాగూ కొత్త నేల వేయబోతుంటే, గది మట్టాన్నే పెంచడం గురించి ఆలోచించవచ్చు. జారు పొడి ఇక్కడ పనికివస్తుంది, కాని దాని లెక్క ముందే వేసుకోవాలి: చదరపు మీటరుకు ప్రతి 1 మి.మీ. మందానికి సుమారు 1.5 నుంచి 1.8 కిలోల పొడి పడుతుంది. 12 చదరపు మీటర్ల గదిని 10 మి.మీ. లేపడానికి దాదాపు 200 కిలోలు. 20 మి.మీ.కైతే అందుకు రెట్టింపు, అది కూడా ఒకేసారి పోయడానికి వీలులేని మందం కావచ్చు. అందువల్ల అంత ఎత్తుకు సిమెంటు మాలు పరుపు గానీ, పొడి ప్రదేశమైతే ప్లైవుడ్ పలకలు గానీ తేలికపడతాయి. ఏది వేసినా ఆ గది మిగతా తలుపులు, గోడ అంచు పట్టీలు, కింద అమర్చిన అరల సొరుగులు అన్నీ ఆ మేరకు పొట్టివవుతాయి. ఒక గుమ్మాన్ని సరిచేయబోయి ఇంకో గుమ్మం దగ్గర కొత్త మెట్టు సృష్టించుకునేది కూడా ఈ పద్ధతిలోనే, కనుక ఆ గదికి ఉన్న అన్ని గుమ్మాలనూ కొలిచాకే దీనికి దిగాలి.

ఎత్తైన వైపును అరగదీయడం రెండు మూడు మిల్లీమీటర్ల ముచ్చట. గచ్చు అంచునో రాతి అంచునో గ్రైండర్‌తో 2 లేదా 3 మి.మీ. తీయవచ్చు; అంతకు మించి స్లాబ్ కాంక్రీటును చెక్కకూడదు. రాయి, కాంక్రీటు అరగదీసినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హానికరం. నీరు చల్లుతూ గానీ దుమ్ము లాగే యంత్రం పెట్టి గానీ, తగిన మాస్కుతో చేయాలి. కొన్ని దశాబ్దాల నాటి వినైల్ పలకలు, వాటి కింది నల్లని అంటు ఉన్నచోట గ్రైండర్ తాకించవద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి.

విప్పగలిగే వాలు

అద్దె ఇంట్లో ఉన్నా, కాలు విరిగి కొన్ని నెలలు చక్రాల కుర్చీలో తిరగవలసి వచ్చినా, పైన చెప్పినవన్నీ పెద్ద పనులే. అటువంటప్పుడు రబ్బరు ర్యాంపు పలకను గుమ్మం ముందు ఆనిస్తే చాలు. దాని బరువుకే అది కదలకుండా ఉంటుంది, అవసరమైతే రెండువైపులా అంటుకునే టేపు సాయం చేస్తుంది. 25 మి.మీ. తేడాకు 1:12 వాలు ఇవ్వాలంటే ఆ పలక 300 మి.మీ. గదిలోకి చొచ్చుకు వస్తుంది. తలుపు పల్లపు వైపుకే తెరుచుకునేటట్లయితే ఇది కుదరదు. పక్క అంచులు కూడా వాలుగా ఉన్న పలకను తీసుకోవాలి, లేకపోతే పక్కగా నడిచేవారికి అదే అడ్డవుతుంది. చూపు మందగించినవారు ఉన్న ఇంట్లో నేల రంగుకు భిన్నమైన రంగు ఎంచుకోవడం మేలు. పట్టీకైనా గడపకైనా ఈ మాట చెల్లుతుంది. నేలలో కలిసిపోయే రంగును అందం కోసం వెతుకుతాం కాని, మెట్టు ఉన్నచోట అది కనబడటమే అవసరం.

బిగింపు

పట్టీ నడిమి గీత మూసిన తలుపు రెక్క కిందికి రావాలి, అప్పుడు ఏ గదిలో నిలబడినా పక్క గది నేల కనబడదు. కొసల నుంచి 50 మి.మీ. లోపల ఒక మర, మధ్యలో 200 నుంచి 300 మి.మీ.కు ఒకటి సరిపోతాయి. డ్రిల్ పెట్టే ముందు గుమ్మం కింద నీటి గొట్టం, కరెంటు తీగల పైపు, నేలను వేడిచేసే గొట్టాలు లేవని తేల్చుకోవాలి. గది నుంచి గదికి పోయే గొట్టాలు తరచు గుమ్మం గుండానే దాటుతాయి. అనుమానం ఉంటే మరలు మానేసి, సాగే గుణమున్న అంటుతో అతికించి, ఒక రోజు బరువు పెట్టి వదిలేయాలి. తేలే నేల ఉన్న గుమ్మంలో ఆ అంటు గచ్చు వైపే ఉండాలి.

బిగించాక వారం రోజులు దాని మీద నడిచి వినండి. అడుగు పడినప్పుడు పట్టీ చప్పుడు చేస్తుంటే మరను ఇంకా బిగించాలనిపిస్తుంది; అలా చేస్తే కింద ఖాళీ ఉన్నచోట పట్టీ వంగి, పక్కన అంచు లేస్తుంది. మరలు విప్పి, ఆ ఖాళీలో కాస్త సీలెంట్ పరచి, అది ఆరిన తరువాత మళ్లీ మామూలు బిగువుతో దించాలి.